ట్రెడ్‌మిల్: మాట వెనక ఉన్న శిక్ష

ఆంగ్ల నిఘంటువులో ‘ట్రెడ్‌మిల్’ అనే మాట చూడండి. వ్యాయామ యంత్రం అనే అర్థంతో పాటు, మార్పులేని విసుగెత్తించే దినచర్య అనే అర్థం కూడా కనిపిస్తుంది. మనం ‘గానుగెద్దు బతుకు’ అనే సందర్భంలో ఇంగ్లీషువారు ఈ మాట వాడతారు. ‘ట్రెడ్’ అంటే తొక్కడం, ‘మిల్’ అంటే మర. వ్యుత్పత్తి ఇంత తేలికే. కాని ఎద్దుకు విసుగు పుట్టించాలని ఎవరూ గానుగ కట్టలేదు. ట్రెడ్‌మిల్ కథ వేరు.

మనుషులు తొక్కి తిప్పే చక్రాలు రోమన్ల కాలంలోనే ఉన్నాయి. బరువులెత్తడానికి వాటిని వాడేవారు. ఆ చక్రాన్ని శిక్షా సాధనంగా మలచినవాడు విలియం క్యూబిట్ అనే ఆంగ్ల ఇంజనీరు. 1818లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ జైలులో ఖైదీలు పనిలేక కూర్చోవడం చూసి ఆయనకీ ఆలోచన కలిగిందంటారు. 1821లో లండన్‌లోని బ్రిక్స్టన్ జైలులో దీన్ని నెలకొల్పాక ఇతర జైళ్ళూ అనుసరించాయి.

దాని నిర్మాణాన్ని ఊహించుకోండి. అడ్డంగా పెట్టిన పొడవాటి పీపా వంటి చక్రం, దాని చుట్టూ మెట్లు. ఖైదీలు వరుసగా నిలబడి, ఎదుట ఉన్న కడ్డీ పట్టుకొని, మెట్టు తరవాత మెట్టు ఎక్కుతుండాలి. కాలికింద మెట్టు దిగిపోతూనే ఉంటుంది. గంటల తరబడి ఎక్కినా మనిషి ఉన్నచోటే ఉంటాడు. తరవాతి కాలంలో పక్కవాడితో మాట్లాడకుండా మధ్యలో చెక్క అడ్డాలు కూడా పెట్టారు. కొన్ని జైళ్ళలో ఈ శక్తితో గోధుమలు మర ఆడించారు, నీళ్ళు తోడారు. మరికొన్నింటిలో చక్రానికి ఏ పనీ తగిలించలేదు. ‘గాలిని మర ఆడిస్తున్నాం’ అని ఖైదీలు ఎగతాళిగా అనుకొనేవారు. గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుంది!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ జైలులో పనిచేసిన జేమ్స్ హార్డీ 1824లో ఈ యంత్రంపై పుస్తకం రాశాడు. ఖైదీలను భయపెట్టేది శ్రమ కాదనీ, ఎడతెగని ఏకరూపతేననీ ఆయన అభిప్రాయం. అంటే విసుగు ఈ పనికి అనుకోకుండా వచ్చిన ఫలితం కాదు, అదే శిక్ష. మాటకు నేటికీ అంటిపెట్టుకొని ఉన్న భావార్థానికి మూలం ఇదేనని నా ఉద్దేశం.

1895లో కఠిన శిక్ష పడిన నాటకకర్త ఆస్కార్ వైల్డ్ కూడా పెంటన్‌విల్ జైలులో ఈ చక్రం తొక్కాడు. 1898 నాటి కారాగార చట్టంతో ఇది క్రమంగా కనుమరుగైంది. 20వ శతాబ్దంలో అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ గుండె పరీక్షకు వాడిన యంత్రంలో మెట్లు లేవు, కదిలే పట్టీ ఉంది. పేరు మాత్రం పాతదే. మన ఆసుపత్రుల్లో టీఎంటీ అని రాసేది ఆ పరీక్షనే.