రెసిన్ భాగాల వాసన (స్కేల్ మోడలింగ్)

స్కేల్ మోడళ్లలో వాడే పోత రెసిన్ విడిభాగాల నుంచీ త్రీడీ ప్రింటు భాగాల నుంచీ వచ్చే రసాయనపు వాసన. సీలు వేసిన ప్లాస్టిక్ సంచి విప్పగానే గుప్పుమని ముక్కుకు తగిలేది ఇదే. అచ్చుల్లోకి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పంపి చేసే మామూలు పాలిస్టైరీన్ కిట్లలో ఈ బెడద దాదాపు లేదు.

పోత రెసిన్‌గా ఎక్కువగా వాడేది పాలీయురెథేన్. దాని రసాయనానికి 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం పునాది వేసింది. అభిరుచి రంగంలో దీనికి ఊపునిచ్చినవి 1980ల తొలినాళ్లలో జపాన్‌లో వచ్చిన ‘గరాజ్ కిట్లు’ (అభిరుచిపరులే చిన్న స్థాయిలో తయారుచేసిన మోడళ్లు). వీటి సంత అయిన వండర్ ఫెస్టివల్ 1984లో మొదలైందని కొందరూ, 1985లో అని కొందరూ రాస్తారు. 1984 డిసెంబరులో జరిగింది సన్నాహక ప్రదర్శన కాబట్టి 1985 అనడమే సబబు.

పోత రెసిన్‌లో రెండు ద్రవాలుంటాయి. ఒకదానిలో ఐసోసయనేట్ (ఎక్కువగా ఎమ్‌డీఐ), రెండోదానిలో పాలియోల్. రెండూ కలిపి సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తే కొద్ది నిమిషాల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అయితే భాగం అచ్చులోంచి ఊడివచ్చినంత మాత్రాన చర్య ముగిసినట్టు కాదు. పూర్తి గట్టిదనం రావడానికి సాధారణంగా రోజులు పడుతుంది. చిన్న తయారీదారులు ఆలోగానే సంచిలో పెట్టి సీలు వేస్తే, ఆ వాసన కొన్నవాడి బల్ల మీద తేలుతుంది.

వాసనకు మూలమేమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. అచ్చుకు అంటకుండా పూసే నూనెదే తప్పని పాత మార్గదర్శకాలు చెబుతాయి. కానీ సిలికాన్ నూనెకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. స్ప్రే డబ్బాలోని ద్రావకానికి వాసన ఉన్నా అది త్వరగా ఎగిరిపోతుంది. చర్యను వేగిరపరచడానికి కలిపే అమైన్లకైతే చేపల వాసనను తలపించే ఘాటుంది. పాళ్లు కుదరకపోతే చర్యలో కలవని ద్రవం కూడా లోపల మిగిలిపోతుంది. ఈ రెండూ కలిసిన వివరణే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పోత మొదలుకు (రెసిన్ పోసిన చోట మిగిలే ముక్కకు) దగ్గర్లో తడిగా మెరిసే మచ్చను గోటితో నొక్కాలి. గోటి గుర్తు పడితే, లేదా వేలికి జిగురు అంటితే, ఆ భాగంలో ద్రవాలు సరిగా కలవలేదన్నమాట. దాన్ని ఎంత కడిగినా బాగుపడదు, మార్చి ఇమ్మని అడగాల్సిందే.

పాలిస్టర్ రెసిన్ వాసన వేరు. అది స్టైరీన్‌ది. ఫైబర్ పడవలు కట్టే షెడ్డు దగ్గర నిలబడ్డవారికి ఆ వాసన పరిచయమే. 2020 మే 7న విశాఖపట్నంలో ఒక కర్మాగారం నుంచి లీకైంది ఈ స్టైరీన్ ఆవిరే. పాలిస్టైరీన్ కిట్లు కూడా స్టైరీన్‌తో చేసినవే అయినా, అందులో అది దాదాపు అంతా పాలిమర్ గొలుసులుగా బిగిసిపోయి ఉంటుంది కనుక ఆ వాసన రాదు.

పాలీయురెథేన్ భాగాలకు మొదటి చికిత్స గోరువెచ్చని నీరు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్. అచ్చు నూనె పోవడం దీని అసలు ప్రయోజనం, వాసన తగ్గడం అదనం. ఆ తర్వాత గాలి ఆడేచోట కొన్ని రోజులు పరిచి ఉంచాలి. కొందరు 50 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో కొన్ని గంటలు పెడతారు. చర్య పూర్తి కావడానికి ఇది నిజంగా తోడ్పడుతుంది. అయితే వంకరపోయిన తుపాకీ గొట్టాలను వేడినీళ్లలో ముంచి సరిచేసే రెసిన్ ఇదే. సన్నని భాగాలను ఆనిక లేకుండా వేడి చేస్తే అవి వాలిపోతాయి. వంటకు వాడే ఓవెన్‌ను ఇందుకు వాడరాదు. డబ్బాలో వంటసోడా, బొగ్గు పెట్టడం డబ్బాలోని గాలిని శుభ్రం చేస్తుందేమో కానీ, భాగాన్ని కాదు.

త్రీడీ ప్రింటు భాగాల్లో వాసన గట్టిపడని అక్రిలేట్లది. ఇవి సాధారణంగా 405 నానోమీటర్ల కాంతికి గట్టిపడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే అతినీలలోహిత కాంతిలో పెట్టాలి. బోలు భాగాలతో మరింత జాగ్రత్త. కారే రంధ్రం లేకపోతే లోపల ద్రవం అలాగే నిలిచి, నెలల తర్వాత, రంగు కూడా వేసేశాక, పగులులోంచి బయటికి ఊరుతుంది.

వాసనను బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం పొరపాటు. ఎమ్‌డీఐకి అమెరికా కార్మిక భద్రతా సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి గాలిలో 0.02 పీపీఎమ్. ముక్కు పసిగట్టేది అంతకు ఎన్నో రెట్లు దాటాకే. ఐసోసయనేట్ అనగానే భోపాల్ గ్యాస్ దుర్ఘటన గుర్తుకు రావడం సహజమే. అక్కడిది మిథైల్ ఐసోసయనేట్. అది సుమారు 39 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. శుద్ధమైన ఎమ్‌డీఐ దాదాపు అంత వేడికి కరుగుతుందంతే. కాబట్టి అసలు జాగ్రత్త ద్రవాలు కలిపి పోసేవారికి, ఒకసారి అలర్జీ పట్టుకున్నవారికి అవసరం. గట్టిపడ్డ భాగాన్ని కొన్నవారికి వాసన కంటే రుద్దేటప్పుడు లేచే పొడి ముఖ్యం. తడిపి రుద్దితే పొడి లేవదు. ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు వేరే కావాలి.

ప్రింటు భాగాలను కడిగిన ఆల్కహాల్‌ను సింకులో పారబోయకూడదు. పిల్లలకూ మంటకూ దూరంగా, పారదర్శకమైన సీసాలో ఎండలో పెడితే అందులోని రెసిన్ గట్టిపడి అడుగుకు చేరుతుంది. పైన తేరిన ద్రవాన్ని వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు.