శక్కర్‌నగర్ క్వార్టరు నుండి ఖలీల్‌వాడి ఫ్లాటు వరకు

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గూర్చి ఏదైనా వ్రాయవలసిందని మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కానని, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి 2010 ఫిబ్రవరిలో పదవీ విరమణ చేసినవాడినని మనవి చేసుకున్నాను. "మీ ఎం-బుక్కు ఉన్నది కదా, అదే చరిత్ర" అన్నారాయన నవ్వుతూ.

ఆయన అన్నది ప్రభుత్వ ఎం-బుక్కు కాదు. నిజామాబాద్ పట్టణం నడిబొడ్డున ఖలీల్‌వాడి దగ్గర మా అపార్ట్‌మెంటు లేచినంత కాలం ప్రతి ఉదయం పోయి చూసి, ఆనాటి పని ఆనాడే వ్రాసి పెట్టుకున్న నోటుబుక్కు. దాన్ని ముందర పెట్టుకొనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అయితే కథ అక్కడ మొదలు కాలేదు. అంతకు డెబ్బై ఏండ్ల ముందు, బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య మొదలైంది.

నీళ్లు, చెరకు, క్వార్టర్లు

మన జిల్లాలో ఇండ్లు ఎక్కడ లేచినా వాటి వెనుక నీళ్లో, పనో ఉన్నది. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నిర్మాణ బాధ్యత చూసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారు. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున్న ఆ రాతి కట్టడం వల్ల 2,75,000 ఎకరాలకు నీరు అందాలని అంచనా. కాలువలు పారగానే కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. "క్యాంపు" అన్న మాటతో ముగిసే ఊళ్ల పేర్లు ఇప్పటికీ ఆ వలసకు సాక్ష్యం.

నీరు ఉంటే చెరకు, చెరకు ఉంటే మిల్లు. 1929లో ఏర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధి అండతో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారంగా దానికి పేరు. వేల ఎకరాల సొంత ఫారాలు, జానకంపేట నుండి బోధన్‌కు రైలు శాఖ, మడ్డి నుండి ఆల్కహాలు తీసే ప్లాంటు, ఇవన్నీ దాని చుట్టూ చేరాయి. పనిచేసేవాళ్లు ఉండడానికి ఒక ఊరే కట్టారు. చక్కెర పేరుతోనే దానిని శక్కర్‌నగర్ అన్నారు.

మా నాయన 1941లో ఆ మిల్లులో చేరాడు. నేను 1952లో అక్కడి క్వార్టరులోనే పుట్టాను. క్వార్టర్లు కట్టేటప్పుడు ఎడ్లతో తిప్పే గానుగలో డంగు సున్నం నూరేవారని, రేగడి నేల కాబట్టి గట్టి అడుగు తగిలేదాకా పునాది తవ్వేవారని నాయన చెప్పేవాడు. మా ఇంటికి రెండు గదులు, వంటిల్లు, పెంకుల కప్పు, వెనుక చిన్న పెరడు. ఆ పెరట్లో అమ్మ జామచెట్టు పెట్టింది. సైరను మోగితే నాయన డ్యూటీకి లేచేవాడు, మేము బడికి లేచేవాళ్లం. చెరకు ఆడే కాలంలో రాత్రంతా బండ్ల చప్పుడు, గాలిలో మడ్డి వాసన. ఆ వాసన పట్టని బట్ట మా ఇంట్లో లేదు.

అన్నీ ఉన్నాయి గాని ఇల్లు మాది కాదు. 1973లో నాయన రిటైరయ్యాడు. రిటైరైనవారు క్వార్టరు ఖాళీ చేయాలన్నది నియమం. తరువాత డ్యూటీలో చేరేవారికి ఇల్లు కావాలి గదా, ఎవరినీ తప్పు పట్టలేము. మా సామాను ఒక్క ఎడ్లబండికి సరిపోయింది. అమ్మ రోలు బండి మీద పెట్టించింది గాని జామచెట్టును తేలేకపోయింది. కాయలు అప్పుడే పక్వానికి వస్తున్నవి.

ఇందూరుకు వచ్చాము

ఇందూరు ఊరికి నిజామాబాద్ అన్న పేరు 1905లో రైలు స్టేషనుతో స్థిరపడిందని పెద్దలు చెబుతారు. పాత ఊరంతా ఖిల్లా కింద, పెద్ద బజారు, కోటగల్లీల చుట్టూ ఉండేది. రైలు వచ్చిన తరువాత ఊరు స్టేషను వైపు సాగింది. మేము వచ్చేనాటికి ఖలీల్‌వాడిలో పెద్ద వాకిలి, చేదబావి ఉన్న పాత ఇండ్లు ఉండేవి. అటువంటి ఒక ఇంట్లో రెండు గదుల వాటాలో అద్దెకు దిగాము. నాయన 1981లో ఆ అద్దె ఇంట్లోనే కాలం చేశాడు.

నాకు జిల్లా పరిషత్ ఇంజనీరింగ్ విభాగంలో ఉద్యోగం దొరికింది. ముప్పై అయిదేండ్లు బడులు, బావులు, రోడ్లు, కల్వర్టులు కొలిచాను. పైవారి నుండి నేర్చుకున్న సూత్రం ఒక్కటే: కొలవనిదానికి బిల్లు వ్రాయరాదు. ఇతరులకు ఎన్నో గోడలు కట్టించాను గాని అమ్మను మాత్రం ఆరు అద్దె ఇండ్లు తిప్పాను.

ఈలోగా చెరకు కథ మారింది. నిజాంసాగర్‌లో పూడిక పెరిగింది, ఎగువన సింగూరు జలాశయం వచ్చింది, కాలువ చివరి భూములకు నీరు తగ్గింది. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు పోయింది. పనులు తగ్గినకొద్దీ శక్కర్‌నగర్ నుండి కుటుంబాలు పట్టణానికి రాసాగాయి. మరోవైపు దుబాయి, మస్కట్ పోయినవారు పంపే డబ్బు కూడా నిజామాబాద్‌లోనే ఇండ్ల రూపం దాల్చింది. 2011 జనాభా లెక్కలకు పట్టణ జనాభా మూడు లక్షలు దాటింది. వాకిళ్లు ఉన్న పాత ఇండ్లు ఒక్కొక్కటే కూలి, వాటి చోట అంతస్తులు లేచాయి.

ఎం-బుక్కు తెరిచాను

2010 వేసవిలో, మేము ఒకప్పుడు అద్దెకున్న వీధిలోనే ఒక పాత ఇంటిని కూల్చి అయిదంతస్తులు కడుతున్నారని తెలిసింది. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బు చేతిలో ఉన్నది. బోధన్ రోడ్డున ఉన్న చిన్న ప్లాటు అమ్మి దానికి కలిపాను. రెండవ అంతస్తులో ఒక ఫ్లాటు మాట్లాడుకున్నాము. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటుతోపాటు భూమిలో విభజించని వాటా కూడా మనకు వస్తుందని కాగితం చదివి అమ్మకు చెప్పాను. "అంటే నా వాటా మట్టి ఏ మూల ఉంటదిరా?" అన్నది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

పునాది గుంతలు తవ్విన రోజు నుండి నా నోటుబుక్కు మొదలవుతుంది. గుంత లోతు, చువ్వల మందం, కంకర, కాలమ్‌ల వరుస అన్నీ వ్రాసుకున్నాను. ఇసుక లారీలు మంజీర నుండే వచ్చేవి. ఏ నది నీళ్లు నాయనకు జీతం ఇచ్చాయో ఆ నది ఇసుకే మా గోడలకు వస్తున్నదని ఆనాడే ఒక మూల వ్రాసుకున్నాను. పనిచేసేవారిలో పాలమూరు నుండి వచ్చిన కూలీలు చాలామంది. సొంత ఊళ్లో చాలినంత నీరు లేక వచ్చి, మా స్లాబుకు మళ్లు కట్టి నీళ్లు నిలిపేవారు. స్లాబు వేసిన తరువాత కనీసం పది రోజులు తడి ఆరకూడదని నేను గొణుగుతుంటే, మేస్త్రీ "సారూ, మీరు రిటైరైనట్టు ఆఫీసువాళ్లు మీకు చెప్పలేదా?" అని నవ్వించేవాడు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. రెండు వాయిదాలు ముందుగానే కడితే ధరలో కొంత తగ్గిస్తామన్నారు. సరేనన్నాను. ఉద్యోగంలో కొలవకుండా ఒక్క బిల్లు వ్రాయనివాడిని, నా ఇంటికి మాత్రం లేవని గోడలకు డబ్బు ఇచ్చేశాను.

మూడవ స్లాబు దగ్గర

2011 ఆగస్టులో పని ఆగిపోయింది. ఆ నెల పేజీలు ఇప్పుడు చూసినా గుండె బరువెక్కుతుంది. "మూడవ స్లాబు సెంట్రింగు అట్లాగే ఉన్నది. కూలీలు లేరు. వాచ్‌మన్ ఒక్కడే." మర్నాడు: "నిన్నటివలెనే." ఆ మర్నాడు: "నిన్నటివలెనే. చువ్వలకు తుప్పు." సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది, ఊరంతా స్తంభించింది. అందుకే పని ఆగిందని కొన్నాళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. అక్టోబరు చివర సమ్మె ముగిసింది గాని కూలీలు రాలేదు. మా డబ్బు వేరే చోట వేరే పనిలో చిక్కుకున్నదని తరువాత తెలిసింది.

అమ్మకు అప్పుడు ఎనభై మూడేండ్లు. రోజూ నేను తిరిగి రాగానే "ఎంత లేచింది?" అని అడిగేది. "లేస్తున్నదమ్మా" అనేవాడిని. అది నా జీవితంలో నేను వ్రాసిన ఒకే ఒక దొంగ కొలత.

చివరకు మా ఆవిడ అన్నది: "మీరు ఒక్కరే పోయి చూసి వ్రాస్తే ఏం లాభం? మిగతావాళ్లకు చూపించండి." ఆ మాటతో కొన్నవారి చిరునామాలు సేకరించాను. పద్ధెనిమిది కుటుంబాలు. రిటైరైన పంతుళ్లు ఇద్దరు, ఆర్టీసీలో పనిచేసి చనిపోయిన ఒకరి భార్య, కొడుకు గల్ఫులో ఉన్న తల్లిదండ్రులు, శక్కర్‌నగర్‌లో పని వదులుకొని వచ్చిన ఒక కుటుంబం. కంఠేశ్వర్ గుడి దగ్గర ఒక ఆదివారం కూర్చున్నాము. కొందరు కోర్టుకు పోదామన్నారు, కొందరు ఇచ్చిన డబ్బు వాపసు అడుగుదామన్నారు. నేను నోటుబుక్కు చదివాను. ఎంత పని అయిందో, దానికి ఎంత డబ్బు పోయి ఉంటుందో, మేము కట్టింది ఎంతో లెక్క తేలింది. తేడా చూసి ఆర్టీసీ ఆయన భార్య ఒక్కమాట అన్నది: "కోర్టు నా వయసుకు అందదన్నా. గోడ కావాలె."

అందరం కలిసి ఆ లెక్కతోనే నిర్మాణదారు దగ్గరకు పోయాము. నాలుగుసార్లు తిరిగిన తరువాత ఒప్పందం కుదిరింది. ఇకమీదట ఏ పని పూర్తయితే దానికే డబ్బు, అదీ నేను, మరొక ఇద్దరు కొలిచి సంతకం పెట్టిన తరువాతనే. సిమెంటు, చువ్వల దుకాణాలకు మేమే నేరుగా చెల్లిస్తాము. తుప్పు పట్టిన చువ్వలు ఇనుప బ్రష్షుతో గీకించి, పనికిరానివి తీయించాము. 2012 ఏప్రిల్‌లో మళ్లీ పని మొదలైంది. ఎనిమిది నెలల తరువాత నా పుస్తకంలో "నిన్నటివలెనే" అన్న మాట పోయింది.

ఖాళీ చేయవలసిన పని లేదు

2013 జూన్‌లో గృహప్రవేశం చేసుకున్నాము. అమ్మ కుర్చీలో కూర్చొని గోడ మీద చేయి వేసి చాలాసేపు నిమిరింది. చుట్టాలందరూ పోయిన తరువాత నన్ను దగ్గరకు పిలిచి మెల్లగా అడిగింది: "బిడ్డా, ఇది ఎన్నేండ్లకు ఖాళీ చెయ్యాలె?"

"చెయ్యవలసిన పని లేదమ్మా" అన్నాను. నమ్మినట్టు అనిపించలేదు. వారం రోజుల తరువాత బాల్కనీలో కుండీ పెట్టించి అందులో ఒక జామ మొక్క నాటించింది. అప్పుడు నమ్మిందని అనుకున్నాను. మూడేండ్లు ఆ ఇంట్లో ఉండి 2016లో వెళ్లిపోయింది.

శక్కర్‌నగర్ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. 2024 జనవరిలో దాని పునరుద్ధరణ కోసం ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఆ సైరను మళ్లీ మోగితే నాకన్నా సంతోషించేవారు ఉండరు. ఒక్కసారి పాత క్వార్టరు దగ్గరకు పోయి వచ్చాను. జామచెట్టు లేదు. డంగు సున్నం గోడ మాత్రం నిలిచి ఉన్నది. కట్టినవారు కొలిచి కట్టారు.

రిటైరు కాబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. మా కాలంలో లేని రక్షణ ఇప్పుడు ఉన్నది. 2016 నాటి రెరా చట్టానికి మన రాష్ట్రంలో 2017లో నియమాలు వచ్చాయి. అయిదు వందల చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన నిర్మాణాన్ని రిజిస్టరు చేయించకుండా అమ్మరాదు. కొన్నవారి సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ భూమికి, ఆ నిర్మాణానికే ఖర్చు చేయాలి. అప్పగించిన తరువాత అయిదేండ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే నిర్మాణదారే సరిచేయాలి. రిజిస్ట్రేషను నంబరు చూడనిదే బయానా ఇవ్వకండి. చట్టం ఉన్నది గదా అని ఇంట్లో కూర్చోకండి. పోయి చూడండి, తోటి కొనుగోలుదారులను వెంట తీసుకొని చూడండి, చూసింది వ్రాసిపెట్టుకోండి. తగ్గింపు ఇస్తామంటే ముందుగా కట్టకండి.

నేను తీసుకున్న కమ్యూటేషన్‌కు పదిహేనేండ్లు నిండి, కోత పోయిన భాగం 2025లో పెన్షనులో మళ్లీ కలిసింది. ఆ మొదటి నెల పెన్షను స్లిప్పును మడిచి నోటుబుక్కు చివరి పేజీలో అతికించాను. దాని కింద "పని పూర్తి" అని వ్రాసి, అలవాటు కొద్దీ తేదీ వేసి సంతకం పెట్టాను.