బందరు కోట ముట్టడి (1759)

బందరు కోట ముట్టడి అనునది 1759 మార్చి, ఏప్రిల్ నెలలలో ఫ్రెంచివారి అధీనంలోని మచిలీపట్నం కోటపై ఆంగ్లేయ తూర్పు ఇండియా కంపెనీ, విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతి రాజు కలిసి జరిపిన దాడి. మిత్రుడు పిలిచినంత మాత్రాన పరసైన్యం రావడం న్యాయమగునా అన్న ప్రశ్నకు ఇది తెలుగుదేశంలోని పాత ఉదాహరణలలో ఒకటి.

నేపథ్యం

1753లో నిజాం సలాబత్ జంగ్, తన వద్దనున్న ఫ్రెంచి సైన్యపు ఖర్చులకై ఉత్తర సర్కారులను బుస్సీకి అప్పగించాడు. అనగా ఫ్రెంచివారూ పిలుపుమీద వచ్చినవారే. 1758లో లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగా, ఆ అదను చూచి ఆనందరాజు విశాఖపట్నం పట్టుకొని ఆంగ్లేయుల సహాయం కోరాడు. బెంగాలు నుండి క్లైవు, కర్నల్ ఫోర్డును సుమారు 500 మంది ఐరోపా సైనికులతో, 2,000 మంది సిపాయీలతో పంపాడు. లోపలి సీమలు రాజుకు, రేవులు, నదీముఖాలలోని పట్టణాలు కంపెనీకి చెందునని, సైన్యపు ఖర్చు రాజు భరించాలని ఒడంబడిక జరిగింది. రేవుల మాట గమనింపదగినది.

ముట్టడి

1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి బందరు చేరాడు. ఫోర్డు వెంటనే వెన్నంటలేకపోయాడు. రాజు ఇస్తానన్న సొమ్ము చేతికందలేదు. మార్చి మొదటి వారంలో బందరు చేరేసరికి జీతాలు లేక సైనికులు ఎదురుతిరిగారు. మరొకవైపు సలాబత్ జంగ్ సేన బెజవాడ దాకా వచ్చింది. (బెజవాడ నుండి ఉయ్యూరు, పామర్రుల మీదుగా బందరు నేడు సుమారు 70 కిలోమీటర్ల దారి.) మందుగుండు అడుగంటుతున్న స్థితిలో ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు ఒకేసారి పలువైపులనుండి దాడి చేయించాడు. ఒక దళం ఎవరూ ఊహించని ఉప్పుటేటి బురదలో దిగి నడిచింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె ఎక్కువమంది.

న్యాయాన్యాయములు

ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి 1756 నుండి యుద్ధం నడుస్తూనే ఉన్నది. కావున ఫ్రెంచి కోటపై దాడికి వేరే సాకు అక్కరలేదు. చిక్కు ఆహ్వానంలో ఉన్నది. ఆనందరాజు నిజాంకు కప్పం చెల్లించవలసిన జమీందారు, సార్వభౌముడు కాడు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 51వ అధికరణం సామూహిక ఆత్మరక్షణను అంగీకరించినది రాజ్యాలకే గాని సామంతులకు కాదు. నాటికి అట్టి నియమం లేకున్నను, పిలిచే అధికారం ఎవరిదన్న తర్కం మాత్రం పాతదే. సహాయానికి ప్రతిఫలంగా భూమి కోరడం దానికంటె పెద్ద అభ్యంతరమని చెప్పవలెను.

పర్యవసానం

1759 మే 14న సలాబత్ జంగ్ ఆంగ్లేయులతో సంధి చేసికొని, బందరును, చుట్టుపట్ల సీమలను వారికి ఇనాముగా ఇచ్చి, ఫ్రెంచివారిని వెళ్ళగొట్టుటకు ఒప్పుకొన్నాడు. ఆనందరాజుకు మాత్రం మునుపటి వలెనే నిజాంకు కప్పం కట్టవలసిన బాధ్యత మిగిలింది. 1765లో క్లైవు మొగలు చక్రవర్తి నుండి సర్కారులకు ఫర్మానా పొందాడు; మరుసటి ఏడు నిజాం కూడా అంగీకరించాడు. ఆనందరాజు తరువాత గద్దెనెక్కిన విజయరామ గజపతి రాజు, పేష్కషు బకాయిల తగవులో 1794 జూలై 10న పద్మనాభం వద్ద కంపెనీ సైన్యంతో పోరాడి మరణించాడు.