కనుసన్న: చేష్ట నుంచి అధికారానికి

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వ్యవహారంలో కంటితో చేసే సంకేతానికి కనుసైగ, కన్నుగీటడం, కన్నుకొట్టడం అనే మాటలున్నాయి. కనుసన్న కూడా ఈ కుటుంబంలోదే. అయితే 'ఫలానా నాయకుని కనుసన్నల్లో జరిగింది' అన్నప్పుడు అక్కడ ఏ కన్నూ కదలడం లేదు. చేష్టను చెప్పిన పదం అదుపును చెప్పే పదంగా ఎట్లా మారింది?

సన్నకు పలుచన అనే అర్థం చెప్పి, కన్నును సన్నగా చేయడమే కనుసన్న అంటే వినడానికి బాగానే ఉంటుంది గాని నిలవదు. సంస్కృత 'సంజ్ఞా' ప్రాకృతంలో 'సణ్ణా' అయి, తెలుగులో 'సన్న'గా స్థిరపడింది. యజ్ఞం జన్నమైంది, విజ్ఞాపన విన్నపమైంది, ఆజ్ఞ ఆన అయింది. ఈ వరుసలో చివరి రెండూ కొలువు మాటలు కావడం గమనింపదగినది. కింది నుంచి పైకి పోయేది విన్నపం, పై నుంచి కిందికి వచ్చేది ఆన. నోరు విప్పకుండా కంటితో ఇచ్చే ఆనే సన్న. మూడింటిలోనూ ఉన్నది 'తెలియు' అనే అర్థం గల జ్ఞా ధాతువే. ఎదుటివానికి ముందే తెలిసి ఉంటే తప్ప సన్న పనిచేయదు.

నిజమైన కనుసన్నకు ఇద్దరూ ఒకే చోట ఉండాలి. ఉదయగిరి వంటి దుర్గంలో ఏలిక కన్ను కనిపించదు. విజయనగర తొలినాళ్లలో హరిహరుని తమ్ముడు కంపన ఈ రాజ్యాన్ని పాలించాడు. తరువాత గజపతుల వశమైన దుర్గాన్ని దీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో కృష్ణదేవరాయలు గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి 1515లో ప్రతిష్ఠించాడు. రాజు దూరాన, దుర్గాధిపతి ఇక్కడ. ఇటువంటి పాలనలో 'కనుసన్నలో మెలగడం' రూపకంగానే సాధ్యం. ఈ అర్థవిస్తరణ ఉదయగిరిలోనే జరిగిందనడం సాహసమవుతుంది. దూరపు ఏలుబడి దానికి తగిన నేల అని మాత్రమే నా ప్రతిపాదన.

వ్యాకరణమూ ఇందుకు సాక్ష్యమిస్తుంది. చేష్టను చెప్పేటప్పుడు పదం ఏకవచనం: 'కనుసన్న చేసెను'. అదుపును చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ బహువచనం, పైగా సప్తమి: 'కనుసన్నలలో'. సన్న ఒక క్రియగా కాక, మనుషులు ఉండే చోటుగా మారిపోయింది.

కన్నుకొట్టడానికి ఈ గతి పట్టలేదు. తమిళంలో 'కణ్ అడి', కన్నడంలో 'కణ్ణు హొడె', ఈ ప్రాంతపు ముస్లింల ఉర్దూలో 'ఆంఖ్ మార్నా' - అన్నింటా కొట్టడమే. ఇది ఒకరి నుంచి మరొకరు తీసుకున్న అరువు అనడం కంటె, ఇరుగుపొరుగు భాషల ఉమ్మడి పోకడ అనడం సమంజసం. చిలిపితనానికో లోపాయికారీ ఒప్పందానికో వాడే ఈ మాటలో ఇద్దరూ సమానులే. అందుకే కాబోలు, ఎవరూ ఎవరి 'కన్నుకొట్టుడు'లోనూ పనిచేయరు.

బ్రౌన్ నిఘంటువు (1852) సన్నను సంకేతార్థంలోనే చూపింది. నేటి నిఘంటువులు 'కనుసన్నలలో' అనే రూపాన్ని సైగ కింద పర్యాయంగా చేర్చక, అదుపు అనే అర్థంతో వేరే ఆరోపంగా ఇవ్వవలసి ఉంది.