హద్దు మీరిన పరిశోధకుడు: తెలుగు అపరాధ పరిశోధన కథా పరంపర – కళింగాంధ్ర సాహిత్యం

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలు అపరాధ పరిశోధన సాహిత్యాన్ని సాధారణంగా కాలక్షేప రచనల కింద జమకట్టి ముందుకు సాగుతాయి. ఉత్కంఠ కలిగించడం మినహా దానికి వేరే ప్రయోజనం లేదన్న అభిప్రాయమే ఇందుకు కారణం. అయితే ప్రతి అపరాధ పరిశోధన కథా ఉత్కంఠతోపాటు ఒక నమ్మకాన్ని కూడా పాఠకుడికి అందిస్తుంది. నేరాన్ని తేల్చే అధికారం ఎవరిది, ఆ అధికారానికి హద్దు ఎక్కడ అన్న రెండు విషయాలకు సంబంధించిన నమ్మకమది. ఆ నమ్మకం కాలక్రమంలో ఎలా మారిందో గుర్తించడానికి శైలేష్ కొలను దర్శకత్వంలో వెలువడిన ‘హిట్’ చలనచిత్ర పరంపర (2020, 2022, 2025) అనువైన ఆధారం. దీని రెండవ భాగానికి విశాఖపట్నమే రంగస్థలం. మూడవ భాగంలో నాయకుడు అక్కడికే బదిలీపై వస్తాడు. నరసన్నపేట, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి విశాఖ చదువుకోసం, వైద్యంకోసం, ఉద్యోగంకోసం వెళ్లే నగరం. కనుక ఈ కథలను కళింగాంధ్ర సాహిత్యం పక్కన పెట్టి పరిశీలించడం అవసరం.

అనువాదాల నుంచి యుగంధర్ దాకా

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో వంగ రచయిత పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి అనువాదమయ్యాయి. అపరాధ పరిశోధన పట్ల తెలుగు పాఠకుడి అభిరుచిని తొలుత తీర్చిదిద్దినవి ఇటువంటి అనువాదాలే. ఆ అభిరుచికి స్థిరమైన తెలుగు రూపం కల్పించిన వారిలో ముఖ్యుడు కొమ్మూరి సాంబశివరావు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు దశాబ్దాలపాటు పాఠకుల మనస్సుల్లో నిలిచారు.

ఈ ముగ్గురి అమరికలోనే ఒక విధమైన అధికార విభజన ఉంది. యుగంధర్ ప్రైవేటు డిటెక్టివ్. అతని బలం ఆలోచన. చట్టబద్ధమైన అధికారం మాత్రం స్వరాజ్యరావుది. నిజాన్ని కనుగొనేవాడు ఒకడు, బేడీలు వేసేవాడు మరొకడు కావడంవల్ల ఒకరి తీర్పును మరొకరు పరీక్షించే అవకాశం కథా నిర్మాణంలోనే ఏర్పడింది. పోలీసుల తొలి అనుమానం తప్పని యుగంధర్ నిరూపించినప్పుడు పాఠకుడికి కలిగే సంతృప్తికి మూలం ఈ విభజనే.

1970ల తరువాత మధుబాబు ‘షాడో’ నవలలతో ఈ అమరిక మారింది. షాడో ఏకకాలంలో ప్రభుత్వ గూఢచారి, సాహసి. అధిపతి కులకర్ణి ఆదేశాలతో పనిచేసినా కార్యరంగంలో నిర్ణయం, శిక్ష రెండూ అతని చేతిలోనే ఉంటాయి. అయితే షాడో ఎదుర్కొనేది ఎక్కువగా దేశద్రోహులను, అంతర్జాతీయ ముఠాలను. కాబట్టి ఇరుగుపొరుగు పౌరుడిపై జరిగే దర్యాప్తుకు ఆ పద్ధతిని అన్వయించి చూడవలసిన అవసరం పాఠకుడికి రాలేదు.

‘హిట్’: అధికారమంతా ఒకరి చేతిలో

‘హిట్’ అంటే హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్. ఇందులో పరిశోధకుడే పోలీసు అధికారి. యుగంధర్, స్వరాజ్యరావుల మధ్య పంచుకోబడిన పని ఇక్కడ ఒకే వ్యక్తిలో కలిసిపోయింది.

మొదటి భాగంలో విక్రమ్ రుద్రరాజు గతపు మానసికాఘాతంతో బాధపడుతున్న అధికారి. ప్రేయసి నేహా అదృశ్యం కేసు వేరొక అధికారికి వెళ్లడంతో, దానితో సంబంధముందని తోచిన ప్రీతి అదృశ్యం కేసును అతడు చేపడతాడు. నిబంధనను పక్కదారిన దాటడం ఇక్కడే మొదలవుతుంది. ప్రీతిని చివరగా చూసిన ఇన్‌స్పెక్టర్ ఇబ్రహీం అనుమానితుడవుతాడు. చివరికి నేరం విక్రమ్ సహోద్యోగి దగ్గరే తేలుతుంది. అనుమానం పోలీసు వ్యవస్థ లోపలికే తిరగడం ఈ కథలోని విశేషం.

రెండవ భాగంలో కృష్ణదేవ్ నేరస్థుల తెలివిని తక్కువగా అంచనా వేసే అధికారి. వేర్వేరు స్త్రీల శరీరభాగాలతో కూడిన మృతదేహం అతని ఆత్మవిశ్వాసాన్ని పరీక్షిస్తుంది. అనుమానితుడైన రాఘవుడు ఆత్మహత్య చేసుకుంటాడు. అతడు హంతకుడు కాడని తరువాత తెలుస్తుంది. మొత్తం పరంపరలో అత్యంత గంభీరమైన ఘట్టం ఇదే. అయితే వరుస హంతకుణ్ణి పట్టుకోవలసిన తొందరలో కథ రాఘవుడి దగ్గర ఎక్కువసేపు ఆగదు.

మూడవ భాగంలోని అర్జున్ సర్కార్ ఈ పరిణామానికి పరాకాష్ఠ. హత్యలను వీడియో తీసి అంతర్జాలపు చాటున పంచుకొనే ముఠాలో ప్రవేశించడానికి అతడు వారి పద్ధతిలోనే హత్యకు పాల్పడతాడు. పరిశోధకుడు, పోలీసు, న్యాయమూర్తి, తలారి అనే నాలుగు పాత్రలూ ఇక్కడ ఒక్కడిలో చేరాయి. అతణ్ణి అనుమానించే సహోద్యోగిని వర్ష పాత్ర ఉన్నప్పటికీ ఆమె అనుమానం కథను మలుపు తిప్పే శక్తిగా నిలబడదు.

కళింగాంధ్ర సాహిత్యం వేసిన ప్రశ్న

నేర పరిశోధనను గురించి కళింగాంధ్ర సాహిత్యం మరొక దిశలో ఆలోచించింది. గురజాడ ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు (1909)లో ఒక ఖూనీ కేసు ఉంది. పెళ్లికూతురి వేషంలో ఉన్న శిష్యుడు మహేశం మాయమయ్యాక, ఆ ‘పెళ్లికూతురి’ని చంపాడన్న అభియోగం లుబ్ధావధాన్లు మీద పడుతుంది. నిజానికి హత్యే జరగలేదు. నేరం లేకపోయినా కేసు నడుస్తుంది, హెడ్డు కనిష్టీబు ఉంటాడు, సాక్ష్యం సరుకుగా మారుతుంది. అసలు సంగతిని సౌజన్యారావు పంతులుకు చెప్పి నిర్దోషిని కాపాడేది వేశ్య మధురవాణి. ఈ నాటకంలో పరిశోధకుడి స్థానం పోలీసుది కాదు, ఆమెది.

విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం పేదలపై పనిచేసే తీరును నిందితుల వైపునుంచి చూపాడు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1966) సీతారాముడు కన్నకొడుకును చంపడంతో ముగుస్తుంది. హంతకుడెవరో దాచవలసిన పని ఆ కథకు లేదు. ఆ చేతికి కత్తినిచ్చిన అప్పు ఎలా పుట్టిందన్నదే దాని పరిశోధన.

చరిత్ర కూడా ఈ దృష్టిని బలపరిచింది. 1967 అక్టోబర్ 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న హత్యకు గురికావడంతో శ్రీకాకుళ గిరిజన ఉద్యమం తీవ్రరూపం దాల్చింది. 1970 జులైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసు ‘ఎన్‌కౌంటర్’లో మరణించారు. హద్దు దాటే పోలీసు అన్న భావన ఈ ప్రాంతానికి వెండితెరతో వచ్చినది కాదు.

చట్టం పక్షం

1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారం నిందితుడిపై రుజువుగా చెల్లదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఇదే రక్షణ కొనసాగింది. దర్యాప్తు చేసేవాడి మాటనే తీర్పుగా అంగీకరించరాదన్నది ఈ నియమంలోని ఆలోచన. నిబంధనను నాయకుడి కాళ్లకు అడ్డుపడే వస్తువుగా చూపే కథల్లో ఈ ఆలోచనకు చోటు దొరకదు.

‘హిట్’ మొదటి భాగం 2020 ఫిబ్రవరి 28న విడుదలైంది. దానికి మూడు నెలల లోపే, 2019 డిసెంబర్ 6న, చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆనాడు పోలీసులపై పూలు చల్లినవారూ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని 2022లో తేల్చింది. ఈ సంఘటనకూ చిత్రానికీ కార్యకారణ సంబంధం ఉందని చెప్పడం సరికాదు. అయితే విచారణకు ముందే శిక్షను ఆమోదించే ప్రేక్షక మనఃస్థితి ‘హిట్’ నాటికి సమాజంలో ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

ముగింపు

తెలుగు అపరాధ పరిశోధన పరంపర యుగంధర్ నుంచి అర్జున్ సర్కార్ దాకా సాగిన క్రమంలో పరిశోధకుడి అధికారం పెరిగింది, అతణ్ణి పరీక్షించే పాత్ర క్షీణించింది. వరుస హంతకుడి క్రూరత్వం ఎంత పెరిగితే నాయకుడి అతిక్రమణ అంత సమంజసంగా తోచడం ఈ కథన పద్ధతిలోని కీలకాంశం. దానికి జవాబు రాఘవుడి పాత్రలో ఉంది. నిర్దోషి మరణాన్ని ఉపకథగా వదలక కథాకేంద్రంగా గ్రహించే రచన వస్తే, అది మధురవాణి పోషించిన పాత్రను నేటి అపరాధ పరిశోధన సాహిత్యానికి తిరిగి అందించినదవుతుంది. ఈ పరంపరను సాహిత్య చరిత్రలో కాలక్షేపమని పక్కన పెట్టడంకన్నా, న్యాయంపై తెలుగు సమాజం పెంచుకొన్న నమ్మకాల చరిత్రగా అధ్యయనం చేయడం సముచితం.