టేపు ముక్కల్లో పుట్టిన బాణీ

1963 నవంబర్ 23 శనివారం సాయంత్రం బీబీసీ టీవీలో 'డాక్టర్ హూ' సీరియల్ తొలి ఎపిసోడ్ 'ఏన్ అనర్త్‌లీ చైల్డ్' వచ్చింది. కెనడీ హత్య జరిగింది ముందురోజే. జనం ధ్యాసంతా ఆ వార్త మీదే ఉండడంతో, మరుసటి శనివారం రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్, దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. వాళ్ల గురించి చాలామంది రాశారు. రేడియోలో ఏళ్ల తరబడి టేపులు కోసి అతికినవాణ్ని కనుక నేను టైటిల్ మ్యూజిక్ సంగతి చెబుతాను.

బాణీ రాన్ గ్రెయినర్‌ది. దానికి ప్రాణం పోసింది బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసిన డీలియా డెర్బిషైర్. కేంబ్రిడ్జ్‌లో గణితం, సంగీతం చదివిన మనిషి. తోడు డిక్ మిల్స్. సింథసైజర్లు అప్పటికింకా బజారుకు రాలేదు. ఒక తీగను మీటి, ఆ శబ్దాన్నే వేగం మార్చి మార్చి రికార్డు చేసి కింది స్వరాలు రాబట్టారు. పైన సాగే రాగం, పరికరాలను పరీక్షించే ఆసిలేటర్లు పలికినది. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపులో అర సెకను స్వరమంటే ఏడున్నర అంగుళాల ముక్క. కొలవాలి, బ్లేడుతో కోయాలి, అతకాలి. కోత నిటారుగా పడితే అతుకు దగ్గర 'టప్'మంటుంది. ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం ఇంకోదానిలోకి మెత్తగా జారుతుంది. చేయి తిరగడానికి ఏళ్లు పట్టే పని ఇది.

మల్టీట్రాక్ మిషన్ లేదు. విడివిడి టేపులను విడివిడి మిషన్ల మీద ఒక్కసారే నడిపి కలపాలి. ఎక్కడో ఒక స్వరం తప్పింది. మెయిడా వేల్ స్టూడియోలోని పొడవాటి కారిడార్‌లో టేపులను పక్కపక్కనే పరిచి, ఏ అతుకు జరిగిపోయిందో కంటితో చూసి పట్టుకున్నారు.

విని గ్రెయినర్ నివ్వెరపోయారు. స్వరకర్తగా ఆమె పేరు కూడా చేర్చాలన్నారు. వర్క్‌షాప్ ఉద్యోగుల పేర్లు వేయకపోవడం అప్పటి నియమం. డీలియా 2001లో కన్నుమూశారు. ఆమె పేరు తెర మీద పడింది 2013లో, యాభయ్యేళ్ల ప్రత్యేక ఎపిసోడ్‌లో. బాణీ కట్టినవారి పేరు పక్కన దాన్ని పలికించిన చేతుల పేరు కూడా ఉండాలి. అది దయ కాదు, హక్కు.

మన పాత రేడియో నాటకాలను డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నవారికి నా మనవి ఒక్కటే: టేపు డబ్బా మీద ఎడిటింగ్ చేసినవారి పేరు కనిపిస్తే వదిలేయకండి, నాటకంతో పాటు దాన్నీ నమోదు చేయండి.