ఒక టర్బోనా, రెండా? నూరేళ్ల గాలి లెక్క

ఖమ్మం నుంచి మధిర వైపు వెళ్లే రైలు దారిలో బోనకల్ ఒక స్టేషను. 1889లో నిజాం రైలు బెజవాడ చేరిన నాటి నుంచి ఈ పట్టాలు ఇక్కడ ఉన్నాయి. బొగ్గు ఇంజన్లు వెనకబడ్డాక, కరెంటు తీగలు రాకముందు, ఈ దారిని డీజిల్ ఇంజన్లు ఏలిన కాలం ఒకటుంది. ఆగిన గూడ్సు బండి మళ్లీ కదిలేటప్పుడు ఇంజన్ నెత్తిన నల్లటి పొగ గుప్పున లేచేది. పెట్టెలు ఒక్కొక్కటే కదిలి, లోపలి నుంచి ఈల లాంటి సన్నటి కూత పెరిగేసరికి ఆ పొగ పలచబడేది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పాతతరం వాళ్లందరూ చూసిన దృశ్యమే ఇది.

ఆ పొగకు కారణం ఉంది. డ్రైవరు నాచ్ (యాక్సిలరేటర్ మెట్టు) పెంచగానే సిలిండర్లోకి డీజిల్ ఎక్కువగా వచ్చేస్తుంది. దాన్ని పూర్తిగా కాల్చే గాలి మాత్రం వెంటనే రాదు. ఆ గాలిని తోసేది టర్బో. టర్బోను తిప్పేది ఇంజన్ వదిలే పొగ. పొగ బలం పుంజుకుంటే టర్బో తిరుగుతుంది, టర్బో తిరిగితే గాలి వస్తుంది, గాలి వస్తే డీజిల్ శుభ్రంగా కాలుతుంది. ఈ మధ్యలో పట్టే ఆలస్యానికే టర్బో ల్యాగ్ అని పేరు. స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు "ఒక పెద్ద టర్బో కిట్ పెట్టించాలా, రెండు చిన్నవి పెట్టించాలా" అని తర్జనభర్జన పడేది ఈ ఆలస్యం గురించే. ఈ ప్రశ్నకు ఇంజనీర్లు కాలానికొక జవాబు చెప్పారు. ఆ జవాబులను వరసగా చూస్తే తేలేది ఒకటే: టర్బోలు ఎన్ని అన్నది అసలు ప్రశ్న కాదు, గాలి ఎప్పుడు కావాలన్నదే అసలు ప్రశ్న.

కొలిమి తిత్తి నుంచి టర్బో దాకా

గాలి పెంచితే మంట పెరుగుతుందని మన కమ్మరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొలిమి దగ్గర తిత్తి పట్టినవాడికి అది చేతి అనుభవం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు కాచిన కొలుములు తిత్తుల గాలి మీదే నడిచాయి. రెండు తిత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఊదితే మంటకు గాలి తెగకుండా అందుతుందన్న తెలివి కూడా పాతదే.

ఈ సూత్రానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి కొత్త దారి చూపాడు. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు పొగతో పాటు వృథాగా బయటికి పోతోంది. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న మరో చక్రంతో ఇంజన్‌లోకి గాలి తోయించవచ్చని 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన కుదిరినా లోహం కుదరలేదు. ఎర్రగా కాగే వేడిలో, విపరీతమైన వేగంతో తిరిగి నిలిచే చక్రం తయారు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1925 ప్రాంతంలో బూషి తన పద్ధతితో డీజిల్ ఇంజన్ బలాన్ని 40 శాతం దాకా పెంచి చూపాడు. జర్మనీ ప్రయాణికుల ఓడలు ప్రాయిసెన్, హన్జెస్టాట్ డాన్జిగ్ ఆ ఇంజన్లతోనే సముద్రంలోకి దిగాయి.

ఓడకు ల్యాగ్‌తో పేచీ లేదు. ఒకసారి వేగం అందుకుంటే గంటల తరబడి అదే వేగం. విమానానికీ అంతే. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ 14,000 అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి విమాన ఇంజన్‌ను మోయించి, గాలి పలచగా ఉన్నచోట కూడా టర్బోతో దాని బలం తగ్గకుండా నిలబెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు ఎత్తున ఎగరగలిగింది ఈ విద్యతోనే. బస్తీ రోడ్డు మీద నిమిషానికి పదిసార్లు ఆగి కదిలే బండికి వచ్చేసరికే చిక్కు మొదలైంది.

రోడ్డు మీద తొలి అడుగులు

1938లో స్విస్ కంపెనీ సౌరర్ లారీకి టర్బో పెట్టింది. కార్ల వంతు 1962లో వచ్చింది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్ ఆ ఏడే టర్బోతో అమ్మకానికి వచ్చాయి. జెట్‌ఫైర్‌లో ఇంజన్ నాక్ కొట్టకుండా నీళ్లు, మిథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని ఎప్పటికప్పుడు పోసుకోవాలి. కొన్నవాళ్లు పోయలేదు. రెండేళ్లలోనే ఆ కారు ఆగిపోయింది. ఒత్తిడితో తోసిన గాలి బాగా వేడెక్కుతుంది, వేడి గాలి పెట్రోల్‌ను అదను తప్పి మండిస్తుంది. అది పిస్టన్లకు చేటు. తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఎందుకు కావాలో నేర్పిన తొలి పాఠం ఇది.

1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, 1975లో పోర్షే 911 టర్బో వచ్చాయి. పోర్షేది 3 లీటర్ల ఇంజన్, ఒకే టర్బో, 260 హార్స్‌పవర్. కింది వేగాల్లో మందంగా ఉండి, టర్బో అందుకోగానే ఒక్క ఉదుటున లాగే కారది. మలుపు మధ్యలో ఆ ఉదుటు వస్తే వెనక చక్రాలు జారేవి. బలం ఎక్కువైనందుకు కాదు, అదను తప్పి వచ్చినందుకు ఆ కారు ప్రమాదకరమన్న పేరు తెచ్చుకుంది.

రెండోది ఎందుకు వచ్చింది

రేసు ట్రాక్ మీద ఈ బాధ ఇంకా పెద్దది. 1977 జులైలో రెనో కంపెనీ సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్‌లోకి తొలి టర్బో కారు దింపింది. మిగిలినవాళ్లవి 3 లీటర్ల ఇంజన్లు. దీనిది ఒకటిన్నర లీటరు వి6, ఒకే ఒక టర్బో. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాక బలం వచ్చేలోపు మలుపు దాటిపోయేది. ఇంజన్ తరచూ చెడిపోయేది కూడా. 1979లో రెనో ఇంజనీర్లు ఆ ఒక్క పెద్ద టర్బో తీసేసి, వి ఆకారపు ఇంజన్‌కు రెండు వైపులా చెరొక చిన్న టర్బో పెట్టారు. ఆ ఏడాది జులై 1న దిజోన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్‌ప్రీలో జాన్‌పియెర్ జబూయ్ గెలిచాడు. ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అదే తొలి విజయం. ఒకటా, రెండా అన్న ప్రశ్న జనం నోళ్లలోకి వచ్చింది అక్కడి నుంచే.

రెండు చిన్నవి ఎందుకు మేలయ్యాయో తిరగలి తిప్పినవారికి తేలిగ్గా తెలుస్తుంది. పెద్ద తిరగలిని కదిలించడమే కష్టం, చిన్నది చెయ్యి వేయగానే తిరుగుతుంది. చక్రం కొలత పెరిగేకొద్దీ దాన్ని కదిలించే కష్టం దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది. సగం గాలి ఇచ్చే చక్రానికి పెద్దదాని వ్యాసంలో 0.7 వంతు చాలు. 0.7ను అయిదుసార్లు గుణిస్తే 0.17. అంటే ఒక్కో చిన్న చక్రం మొండితనం పెద్దదానిలో అయిదో వంతు కూడా లేదు. రెండింటినీ కలిపినా మూడో వంతు దరిదాపే.

ఆ తర్వాత రెండు దారులు తేలాయి. రెండు టర్బోలూ సమానంగా, ఒకేసారి పనిచేయడం మొదటి దారి. 1981 డిసెంబరులో పరిచయమైన మసెరాటి బైటర్బో, 1989 నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ ఈ బాటలో నడిచాయి. ఒకటి ముందు, రెండోది తర్వాత అందుకోవడం రెండో దారి. 1986 పోర్షే 959 దీనికి పెద్ద ఉదాహరణ. 1993లో వచ్చిన టొయోటా సుప్రా దీన్ని ఇంటింటి మాట చేసింది. కింది వేగాల్లో ఒక టర్బో, నిమిషానికి 4000 తిప్పుల ప్రాంతంలో రెండోది తోడు. ఒక తిత్తి అలిసేలోపు రెండో తిత్తి అందుకున్నట్టే.

మళ్లీ ఒకటి వైపు

సుప్రా కథ అక్కడితో ఆగలేదు. ఆ కారు కొన్న కుర్రవాళ్లలో చాలామంది కంపెనీ పెట్టిన రెండు టర్బోలూ ఊడదీసి, వాటి చోట ఒక పెద్ద టర్బో కిట్ బిగించుకున్నారు. రెండింటి మధ్య వంతు మార్చడానికి బోలెడన్ని వాక్యూమ్ గొట్టాలు, కవాటాలు కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో ఏ ఒక్కటి చిట్లినా రెండో టర్బో సమయానికి అందుకోదు. ఒకటే అయితే గొట్టాలు తక్కువ, వేడి తక్కువ, బాగుచేయడం తేలిక, పైవేగంలో బలం చాలా ఎక్కువ. బదులుగా కింది వేగాల్లో పికప్ పోతుంది. తిన్నటి దారిలో పావుమైలు పందేనికి అది సరిపోయింది. ఊళ్లో నడపడానికి మాత్రం ఇబ్బందే. 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా ఈ మోజును ప్రపంచమంతా పాకించింది.

కంపెనీలు కూడా ఒకటి వైపు మళ్లాయి, కానీ వేరే కారణంతో: రెండు చేసే పని ఒకటే చేయడం మొదలుపెట్టింది. 2006లో బీఎండబ్ల్యూ తన 3 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్‌కు రెండు టర్బోలు పెట్టి 306 హార్స్‌పవర్ తీసింది. 2009లో అదే కొలత ఇంజన్‌కు ఒకే టర్బో పెట్టి అదే 306 తీసింది. ఆ ఒక్కదాంట్లోకి పొగ వచ్చే దారిని రెండుగా చీల్చారు. మొదటి మూడు సిలిండర్ల పొగ ఒక పాయలో, చివరి మూడింటిది మరో పాయలో చక్రం దాకా పోతుంది. రెండు పంట కాలువల నీళ్లు ఒకదాన్నొకటి ఎదురుతోసుకోకుండా మధ్యన గట్టు వేసినట్టు. దీన్ని ట్విన్‌స్క్రోల్ అంటారు. బీఎండబ్ల్యూ వాడే ట్విన్‌పవర్ టర్బో అన్న పేరు చూసి రెండు టర్బోలున్నాయని చాలామంది పొరబడతారు. ఆ పేరున్న ఎన్నో కార్లలో ఉన్నది ఒకటే. ఇక పొగ తగిలే కోణాన్ని వేగానికి తగ్గట్టు రెక్కలతో మార్చే వేరియబుల్ జామెట్రీ టర్బో డీజిల్ బళ్లలో స్థిరపడి, 2006లో పోర్షే పెట్రోల్ కారు దాకా వచ్చింది.

2019లో కొత్త సుప్రా వచ్చింది. రెండు టర్బోలకు ప్రపంచంలో అంత పేరు తెచ్చిన కారు ఈసారి ఒకే ట్విన్‌స్క్రోల్ టర్బోతో 3 లీటర్ల ఇంజన్ నుంచి 340 హార్స్‌పవర్ ఇచ్చింది. అలాగని రెండు టర్బోల కాలం చెల్లిందనుకోకూడదు. సిలిండర్లు రెండు వరసలుగా ఉన్న వి6, వి8 ఇంజన్లకు వరసకొకటి పెడితే గొట్టాల పొడవు తగ్గుతుంది. అందుకే 2007 నుంచి వచ్చిన నిస్సాన్ జీటీఆర్ చివరిదాకా రెండింటినే నమ్ముకుంది.

మన దారుల మీద టర్బో

తెలుగు నేల మీద టర్బో స్పోర్ట్స్ కారుతో రాలేదు. బరువు మోసే బళ్లతో వచ్చింది. 1960ల నుంచి మన పట్టాల మీద తిరిగిన డబ్ల్యూడీఎం2 రైలింజన్‌లో 16 సిలిండర్లకు ఒకటే టర్బో, 2600 హార్స్‌పవర్. తర్వాత దాని కుదురు నుంచే వచ్చిన డబ్ల్యూడీఎం3ఏ ఒకే టర్బోతోనే 3100కు చేరింది. రెండోది తగిలించలేదు, ఉన్నదాన్ని మెరుగుపరిచారు. 1999లో వచ్చిన డబ్ల్యూడీజీ4 ల్యాగ్‌నే మరోలా ఎదుర్కొంది. పొగ బలం చాలనప్పుడు దాని టర్బోను ఇంజనే గేర్ల ద్వారా తిప్పుతుంది. పొగ పుంజుకున్నాక ఆ పట్టు వదిలేస్తుంది. ఇటు సత్తుపల్లి, అటు కొత్తగూడెం, మణుగూరు వైపు సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు, మట్టి మోసే భారీ డంపర్లది కూడా టర్బో డీజిల్ బలమే. అలాంటి యంత్రాల్లో వి ఆకారపు పెద్ద ఇంజన్లకు ఒకటికి మించి టర్బోలు ఉండటం మామూలు.

కార్లలో 1998 టాటా సఫారీ, 2002 మహీంద్రా స్కార్పియో టర్బో డీజిల్‌ను ఊళ్లకు తెచ్చాయి. 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్ వచ్చాక మధ్యతరగతి ఇంటికి, ట్యాక్సీ స్టాండుకు చేరింది. ఆ 1.3 లీటర్ల ఇంజన్ 2000 తిప్పుల లోపు మందంగా ఉండి, ఆపైన చురుకందుకునే తీరు నడిపిన ప్రతి డ్రైవరుకూ తెలుసు. గేరు ఎక్కడ మార్చాలో వాళ్లు చెవితో నేర్చుకున్నారు. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పెట్రోల్ రకం 2 లీటర్లకు, ఒకే టర్బోతో 200 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకు 100 అన్నమాట. 1975 నాటి పోర్షే 911 టర్బో లీటరుకు ఇచ్చింది 87. అప్పటి స్పోర్ట్స్ కారును మించిన నిష్పత్తి ఇవాళ పిల్లల్ని బడికి దింపే బండిలో ఉంది.

కిట్ పెట్టించే ముందు

ఇంత చరిత్ర తెలిశాక కిట్ గురించి నిక్కచ్చిగా మాట్లాడుకోవచ్చు. టర్బో ఒక్కటే బిగిస్తే పని కాదు. ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు (ఈసీయూ) సర్దుబాటు, క్లచ్, బ్రేకులు, ఒక్కోసారి పిస్టన్లు కూడా మారాలి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఖమ్మం ఎండలో ఇంజన్ పీల్చే గాలే వేడిగా ఉంటుంది. మిరప కల్లాలు, పత్తి లారీలు, మట్టి బాటల దుమ్ము ఫిల్టరును తొందరగా మూస్తుంది. నిమిషానికి లక్ష తిప్పులు దాటే టర్బో ఇరుసు పలచని ఆయిల్ పొర మీద తేలుతుంది. చాలా దూరం గట్టిగా తోలి బండి ఆపగానే తాళం తిప్పేయకుండా కాసేపు ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చే లారీ డ్రైవర్ల అలవాటు ఆ పొరను కాపాడటానికే.

చట్టం మాట ఇంకా గట్టిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు కలిగింది. ఇక ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు తప్పదు. అందుకని టర్బో కిట్ చోటు రేసు ట్రాక్. రోడ్డు కారుకు కంపెనీ బిగించి ఇచ్చిందే సరైనది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. తెలుగువాళ్లు సొంత గడ్డ మీద చూసిన ఆ ప్రపంచస్థాయి పోటీలో పరిగెత్తినవన్నీ కరెంటు కార్లు. వాటికి గాలి తోసే పని లేదు, ల్యాగ్ లేదు. బోనకల్ మీదుగా కరెంటు ఇంజన్లు పొగ లేకుండా బండ్లు లాగుతున్నట్టే అవీ కదిలాయి. పెట్రోలు, డీజిలు ఉన్నంతకాలం మాత్రం ఒకటా, రెండా అన్న ప్రశ్న ఉంటుంది. ట్రాక్ మీద తోలేవాళ్లకు నా జవాబు ఇది: ఒకే వరస సిలిండర్ల ఇంజన్‌కు మంచి ట్విన్‌స్క్రోల్ టర్బో ఒకటి చాలు, రెండు వరసల ఇంజన్‌కు వరసకొకటి నప్పుతుంది. రోడ్డు మీద తోలేవాళ్లు టర్బోలు ఎన్నో లెక్కపెట్టవద్దు. కొనేముందు కారును రెండో గేరులో, తక్కువ వేగం నుంచి ఒకసారి లాగి చూడండి. అడిగిన క్షణాన గాలి అందిస్తే, మీకు కావలసిన కారు అదే.